నాలుగడుగుల జాగ

ఆరు రోజులు కష్టపడి వేసిన బొమ్మను మట్టయ్య ఏడో రోజు ఉప్పుకాగితంతో గీకుతున్నాడు.

ఏప్రిల్ ఎండ. పదకొండు గంటలకే పరంజా గొట్టాలు చేతికి కాలుతున్నాయి. ఎడమ అరచేతికి పాత బనీను గుడ్డ చుట్టుకుని గొట్టం పట్టుకున్నాడు. కుడిచేత్తో బొమ్మ భుజం మీద, చీర అంచు మీద, చెంప మీద రుద్దుతున్నాడు. రాలిన రంగు పొడి కనురెప్పల మీద పడుతోంది. తుడుచుకుందామంటే చేతికీ అదే పొడి.

"మట్టయ్యగారూ, ఆ భుజం దగ్గర ఇంకొంచెం గీకండి. పెచ్చు ఊడినట్టు రావాలి" అంది కింద నుంచి బిందుమాధవి.

"నిన్ననే ఆరింది మేడమ్. ఇంక గీకితె లోపలి తెల్లది కనబడ్తది."

"కనబడాలండీ. ఇరవై ఏళ్ల నాటి గోడలా ఉండాలన్నారు కంపెనీవాళ్లు. అది అయ్యాక టీ డికాషన్ చల్లుదాం. వాన చారలు వస్తాయి."

ఎల్బీనగర్‌లో ఉన్న ఒక ప్రకటనల ఏజెన్సీలో ఆమె ఉద్యోగి. ముప్పై ఏళ్లుంటాయి. వాళ్ల నాన్న తెనాలి నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డాడు. ఆమె బొమ్మలు వేయడం చదువుకున్న మనిషి. కూలివాడితో మాట్లాడినట్టు ఎన్నడూ మాట్లాడలేదు. గంటకోసారి నీళ్ల సీసా పైకి అందించేది. అందుకే మట్టయ్య ఆమె మాట కాదనలేకపోయేవాడు.

ముప్పై ఐదేళ్ల పనిలో మట్టయ్య పడ్డ తాపత్రయమంతా రంగు నిలవడం కోసమే. ఏడాది తిరక్కుండా అక్షరం వెలిసిపోతే దుకాణం సేటు ఇంటికి మనిషిని పంపేవాడు. నూనె ఎంత కలపాలి, ఏ గోడకు ఎన్ని పూతలు పడాలి, పడమటి ఎండ తగిలే చోట ఎర్రరంగు వాడాలా వద్దా, ఇవే అతని విద్య. ఇప్పుడు ఆ రంగును పోగొట్టడానికి రోజుకు పన్నెండు వందలు ఇస్తున్నారు. బొమ్మ వేసిన ఆరు రోజులకూ అదే కూలి.

బొమ్మ ఎనిమిదడుగుల ఎత్తుంది. ముందర గంప పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దామె. చెంగు తల మీదికి లాక్కుని, రోడ్డు వైపు చూస్తూ నవ్వుతోంది. గంపలో నారింజ పండ్లు నిప్పుల్లా మెరుస్తున్నాయి.

అక్కడ ఉండాల్సినవి నారింజలు కావు, బత్తాయిలు. మట్టయ్య మొదట ఆకుపచ్చ మీద పసుపు చాయ తేలేలా బత్తాయిలే వేశాడు. మూడో రోజున మార్చమని కబురొచ్చింది.

"నల్గొండోళ్లం మేడమ్. బత్తాయి గీ రంగుండది" అన్నాడు.

"తెలుసండీ. ఫొటోలో ఆకుపచ్చ డల్‌గా ఉందన్నారు" అంది బిందుమాధవి, అతని వైపు చూడకుండా.

నవ్వు కూడా అలా వచ్చిందే. బొమ్మలో ఉన్న ఈరమ్మ బతికుండగా నవ్వని మనిషేం కాదు. కానీ ఎవరైనా బేరమాడి, విసుగొచ్చి, చివరికి ఆమె చెప్పిన ధరకే కొనుక్కున్నప్పుడు పెదవి ఒక చివర మాత్రం నవ్వేది. ఇంత నోరు తెరిచి ఎప్పుడూ నవ్వలేదు.

మట్టయ్య పంతొమ్మిదో ఏట చండూరు పక్క పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఉస్తాద్ దగ్గర గోడ రాతలు నేర్చుకున్నాడు. చైతన్యపురిలో కోచింగ్ సెంటర్లు పుట్టగొడుగుల్లా లేచిన రోజుల్లో వాటి పేర్లు సగం అతని చేతి రాతే. కిరాణా షాపుల షట్టర్లు, పార్టీల గుర్తులు, లారీల వెనక పూలు, అన్నీ రాశాడు. ఫ్లెక్సీలు వచ్చాక గోడ అడిగే నాథుడు లేడు. ఇప్పుడు అపార్టుమెంట్ల పార్కింగులో నంబర్లు వేస్తాడు. 'గేటు ముందు బండి పెట్టరాదు' అని రాస్తాడు. నెలలో పది రోజులు పని దొరికితే అదృష్టం.

ఈరమ్మది మట్టయ్య ఊరికి పొరుగూరు. పేగు సంబంధం లేకపోయినా అక్కా అని పిలిచేవాడు. కొత్తపేటలో, పాత పండ్ల మార్కెట్‌కు రెండు సందుల అవతల, మూతపడ్డ ఒక గోదాం గోడవార ఇరవై రెండేళ్లు బత్తాయిలు అమ్మింది. మార్కెట్‌ను ఊరి బయటికి మార్చినప్పుడు తోటివాళ్లు చాలామంది దాని వెంట పోయారు. ఆమె పోలేదు.

"పండ్లు పోయినయి గని తినేటోళ్లు ఈడనే ఉన్నరు గద" అనేది.

ఆ తర్వాత గోదాం స్థలాన్ని ఒక కట్టుబడి కంపెనీ కొన్నది. ఇరవై ఎనిమిది అంతస్తులు. భూమిపూజ రోజు పెద్దమనుషుల కార్లు ఆగాలని, కంపెనీ మనుషులు తెల్లవారకముందే ఈరమ్మ తోపుడుబండిని స్థలం లోపలికి లాగేసి గేటు వేశారు. పూజ అయిపోయింది. బండి మాత్రం బయటికి రాలేదు. ఈరమ్మ గేటు ముందు మూడు రోజులు కూర్చుంది. మే నెల. మూడో రోజు మధ్యాహ్నం పక్కకు ఒరిగింది. దవాఖానకు తీసుకుపోయేసరికి ప్రాణం లేదు. వడదెబ్బ అని రాశారు.

పదకొండో రోజు భోజనాలు అయ్యాక మట్టయ్య ఇంట్లో మిగిలిన డబ్బాలు మూటగట్టుకొచ్చి, గోదాం గోడ మీద ఈరమ్మను వేశాడు. ఎవరూ వేయమనలేదు, ఎవరూ ఆపలేదు. ఆ బొమ్మలో ఆమె నవ్వలేదు. గేటు మనుషులు లేవమన్నప్పుడల్లా ఆమె చెప్పిన మాటే కింద పెద్ద అక్షరాలతో రాశాడు. 'నా జాగల నేను కూసున్న.'

హాస్టళ్ల ఆడపిల్లలు వచ్చి ఆ గోడ ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. అవి ఫోన్ల నుంచి ఫోన్లకు పాకాయి. గోడకు సున్నం కొట్టడానికి వచ్చిన మనుషుల్ని కంపెనీలో అమ్మకాలు చూసే ఉపేంద్రే వెనక్కి పంపాడు. ఆ గోడను చూడటానికి జనం ఎంతెంత దూరం నుంచి వస్తున్నారో అతను గమనించాడు. మొన్న ఫిబ్రవరిలో గేటు వెడల్పు చేయడానికి పాత గోడ కూల్చక తప్పలేదు. పది అడుగుల అవతల, అదే రోడ్డు మీదికి, ఫ్లాట్లు అమ్మే ఆఫీసు కట్టారు. దాని గోడ మీద అదే బొమ్మను, అదే మనిషి చేత, కొత్తగా, కానీ పాతదానిలా వేయించాలని ఏజెన్సీకి పని అప్పజెప్పారు. కింద రాసిన మాట మాత్రం వద్దన్నారు. దాని చోట 'మన వీధి, మన ఇల్లు' అని వచ్చింది.

మధ్యాహ్నం ఉపేంద్ర కారు దిగి గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. నలభై ఏళ్ల మనిషి, విజయవాడ వైపు నుంచి వచ్చినవాడు. మాటలో ఎక్కడా గరుకు లేదు.

"అద్భుతంగా ఉందండీ మట్టయ్య గారూ. ఫ్లెక్సీ మీద కోటి రూపాయలు పెట్టినా ఈ జీవం రాదు. ఇది అసలు సిసలైన వీధి కళ. మీలాంటి వాళ్లని మేం కాపాడుకోవాలి."

మట్టయ్య పరంజా దిగి, చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఆదివారం ప్రారంభం. మిమ్మల్ని స్టేజీ మీద సన్మానిస్తాం. పంచె కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని రాగలరా?"

"నేను పాంటే ఏస్త సార్. పని చేసేటప్పుడు గూడ."

"తెలుసండీ. ఫొటోల కోసం" అని నవ్వాడు ఉపేంద్ర. "ఇంకో మాట. మావి ఇంకా నాలుగు సైట్లున్నాయి. అన్నింట్లో ఇలాంటి గోడలు కావాలి. రిక్షా ఆయన, చాకలామె, అలా. నెలకి పాతికవేలు జీతం, పదకొండు నెలలకి కాగితం. ఆదివారం స్టేజీ మీదే సంతకం చేద్దాం."

ఆ కాగితం నమూనా బిందుమాధవి చదివి వినిపించింది. మట్టయ్య వేసే బొమ్మలు, వాటిలోని పోలికలు, అక్షరాల వాటం, అన్నిటి మీదా హక్కు కంపెనీదే. ఈ గోడ కూడా అందులోకే వస్తుంది. ఈరమ్మ ముఖాన్ని వాళ్లు సంచుల మీద, కప్పుల మీద, కావాలంటే ఇంకో ఊళ్లో గోడ మీద వేసుకోవచ్చు.

వెళ్తూ వెళ్తూ ఉపేంద్ర ఆగాడు. "ఆవిడకి ఒక కూతురుందిట కదా? ఆదివారం బొమ్మ ముందు గంప పెట్టుకుని కూర్చోమని చెప్పండి. రెండు వేలిస్తాం. చాలా సహజంగా ఉంటుంది."

మట్టయ్య భార్య అరుణమ్మ చైతన్యపురిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. నూట నలభై మందికి. నెలకు పదమూడు వేలు. పొద్దున నాలుగింటికి లేచి, అల్మాస్‌గూడలోని కిరాయి గది నుంచి షేర్ ఆటోలో వస్తుంది. కుడి భుజం లేవడం లేదు. ఆరు నెలలు బరువెత్తొద్దని డాక్టరు చెప్పి అప్పుడే ఏడాదవుతోంది.

సాయంత్రం మట్టయ్య వెళ్లేసరికి ఆమె వంటింటి వెనక మెట్టు మీద కూర్చుని, ఎడమచేత్తో చిక్కుళ్లు తుంచుతోంది. ఆమె పక్కన కూర్చుని అంతా చెప్పాడు.

"ఎంతంటివి?"

"ఇరవై ఐదు వేలు. నెలకు."

"నోటి మాటనా, కాయితం రాసిస్తరా?"

"కాయితమే."

ఆమె చెయ్యి ఆగింది. తుంచిన చిక్కుడుకాయను గిన్నెలో వేయడం మరిచిపోయి, వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయింది. "అయితె నేను వచ్చే నెల మానేస్త" అంది. చెబుతున్నట్టు లేదు, అడుగుతున్నట్టుంది.

"మానెయ్యి."

"నిజంగనే?"

"నిజంగనే." చిక్కుళ్ల గిన్నెను ఆమె వైపు జరిపాడు. "అక్క బొమ్మను నోరంత తెరిచి నవ్విపిచ్చిన. వాళ్లు చెప్పిండ్రని."

"నవ్వితె ఏమాయె. బతికున్నప్పుడు ఎవ్వలన్న నవ్వనిచ్చిండ్రా ఆమెను? గోడ మీదన్న నవ్వనియ్యి."

"ఆమె చెప్పిన మాట గూడ తీసేసిండ్రు."

అరుణమ్మ అతని వైపు తిరిగింది. "నేనొక మాట చెప్త, కోపానికి రాకు. ఈరమ్మొదిన ఉండుంటె నీ చెంప మీద కొట్టి సంతకం పెట్టిపిస్తుండె. పైస విలువ తెల్వని మనిషి కాదు ఆమె."

అది నిజమే.

యాదలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందుల్లో బండి తిప్పుతుంది. తల్లి ఈరమ్మ పోయాక ఆ వ్యాపారమే పట్టుకుంది. తెల్లవారుజామున ఊరి బయటి మార్కెట్‌కు పోయి, నలుగురితో కలిసి ట్రాలీ మాట్లాడుకుని సరుకు తెస్తుంది. ఒకచోట గంట నిలబడితే దుకాణంవాడు కసురుకుంటాడు, ఇంకోచోట కార్లవాళ్లు హారన్ కొడతారు. రోజుకు నాలుగు చోట్లు మారాలి. మారినప్పుడల్లా అలవాటు పడ్డ గిరాకీ పోతుంది.

మర్నాడు పొద్దున మట్టయ్య ఆమెను ఒక మందుల షాపు పక్కన పట్టుకున్నాడు.

"రెండు వేలా?" అంది తూకం వేస్తూనే. "ఊకె కూసున్నందుకు?"

"కూసున్నందుకే."

"బండి పెట్టుకుని నిలబడితె జుర్మానా అంటరు. ఉత్త గంప పెట్టుకుని కూసుంటె పైసలిస్తరా. మంచిగనే ఉంది మామా వాళ్ల లెక్క."

కొన్న మనిషికి చిల్లర ఇచ్చి, చెంగుతో ముఖం తుడుచుకుంది. తల్లి ముఖమే. కళ్ల కింద ఎముక అలాగే పైకి ఉంటుంది. మట్టయ్య ఆ ముఖాన్ని రెండు గోడల మీద వేశాడు గనుక, చూడకుండానే చెప్పగలడు.

"ఒస్త. గని రెండు వేల కోసం కాదు. ఒకటి అడుగు వాళ్లను. ఆ బొమ్మ కింద నాలుగడుగుల జాగ ఇయ్యమను. మా అమ్మ కూసున్న జాగకు పదడుగులే. పొద్దుగాల ఏడింటికి బండి పెడ్త, చీకటి పడంగనె తీసేస్త. చెత్త వెయ్య. రోజుకు నూరు రూపాలు కిరాయి కూడ ఇస్త."

"కంపెనోళ్లు మామూలోళ్లు గాదు బిడ్డా."

"వాళ్లకు మంచిదే గద మామా. గోడ మీద పండ్లమ్మేటామె ఉంది, కింద పండ్లున్నయి. చూసెటోళ్లు చూస్తరు, కొనేటోళ్లు కొంటరు. ఇండ్లు కొనేటోళ్లు బత్తాయిలు తినరా?"

అడిగినదాంట్లో ఎక్కడా పెడసరం లేదు. వ్యాపారం చేసే మనిషి వ్యాపారం చేసేవాళ్లను అడిగినట్టు అడిగింది. మట్టయ్యకు కూడా, ఇస్తే ఏం పోయింది అనిపించింది.

ఆ మధ్యాహ్నం బిందుమాధవితో చెప్పాడు. ఆమె ఫోన్ తీసుకుని గోడ నీడలోకి వెళ్లి, ఉపేంద్రతో కొంచెంసేపు మాట్లాడింది. తిరిగొచ్చి అంది, "చూద్దాం అన్నారు."

"చూద్దాం అంటె ఇస్తరా మేడమ్?"

ఆమె టీ డికాషన్ నింపిన స్ప్రే సీసాను చేతిలో అటూ ఇటూ ఊపింది. "చూద్దాం అంటే ఏంటో నాకు తెలుసు మట్టయ్యగారూ. మీకూ తెలిసే ఉంటుంది. బండి ఉంటే ముందు వైపు లుక్ పాడవుతుందట. ఆదివారం అయిపోనివ్వండి. అప్పటిదాకా ఆవిడకేం చెప్పకండి."

"మీరు బొమ్మలు చదువుకున్నరంట గద."

"చదువుకున్నాను. నాన్నకి రిటైర్మెంటు అయ్యాక వెయ్యడం మానేశాను" అంది.

శనివారం పొద్దున యాదలక్ష్మి తనే వెతుక్కుంటూ వచ్చింది. రోడ్డు అవతల నిలబడి బొమ్మను పైనుంచి కిందికి చూసింది. నవ్వును చూసింది. నారింజలను చూసింది. తర్వాత నేల వైపు చూస్తూ గోడవారనే పాదాలతో నాలుగడుగులు కొలిచి, చెప్పు కొసతో ఒక గీత గీసింది.

"ఈ మూల నుంచి ఈ మూలకు. గేటుకు అడ్డం రాదు. ఏమన్నరు మామా?"

మట్టయ్య నోరు విప్పాడు. ఆదివారం దాటితే కాగితం మీద సంతకం పడుతుంది. వచ్చే నెల అరుణమ్మ నాలుగింటికి లేవనక్కరలేదు. యాదలక్ష్మి రాకపోతే ఉపేంద్ర ముఖం మారుతుంది. ఇవన్నీ తలలో తిరిగిపోయి, నోట్లోంచి రెండు ముక్కలే వచ్చాయి.

"ఇస్తమన్నరు బిడ్డా."

ఆమె అతని చెయ్యి పట్టుకుని వదిలింది. వెళ్లిపోయాక మట్టయ్య డబ్బాలు సర్దాడు, సర్దినవే మళ్లీ సర్దాడు. చెప్పిన అబద్ధం నోట్లో సున్నం పడ్డట్టు మంటగా ఉండిపోయింది.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు యాదలక్ష్మి వచ్చింది. ఒంటరిగా రాలేదు, బండితో వచ్చింది. బండిని కడిగి, మూలలకు కొత్త గోనె కుట్టింది. ఎనభై కిలోల బత్తాయిలు, నల్గొండ తోటల నుంచి వచ్చినవి, ఆకులతో సహా వరసలు పేర్చింది. గేటు దగ్గర వాచ్‌మన్లు ఆపారు. బిందుమాధవి వచ్చి నచ్చజెప్పి, బండిని ఆఫీసు వెనక జనరేటర్ పక్కన పెట్టించింది. యాదలక్ష్మికి ఒక చేనేత చీర ఇచ్చి కట్టుకోమంది. గోడ కింద ఉతికి ఆరేసినట్టున్న కొత్త గోనె పరిచి, వెదురు గంప పెట్టారు. గంపలో ప్లాస్టిక్ నారింజలు.

"గివేంది?" అంది యాదలక్ష్మి.

"సాయంత్రం దాకా వాడిపోకుండా ఉంటాయని" అంది బిందుమాధవి.

జనం పదింటికి మొదలయ్యారు. కార్లు దిగినవాళ్లు ముందు గోడ దగ్గరికి వచ్చారు. పైన తల్లి, కింద కూతురు. ఆ సంగతి మైకులో చెప్పినప్పుడల్లా కొత్తగా నలుగురు ఫోన్లు తీశారు. "కొంచెం నవ్వమ్మా" అన్నారు. యాదలక్ష్మి నవ్వింది. గిరాకీ అన్నాక నవ్వాలని ఆమెకు తెలుసు. ఒక పెద్దాయన వంగి, గంపలో పండు నొక్కి చూసి, ప్లాస్టిక్ అని తెలిసి పెట్టేశాడు.

"నిజంవి వెనక ఉన్నయి సారు. కిలో ఎనబై. రేపటి సంది ఈడనే ఉంట" అని చెప్పింది ఆయనకు. అలా ఎనిమిది తొమ్మిది మందికి చెప్పింది. స్టేజీ పక్కన పంచె కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్న మట్టయ్యకు ఆ మాట ప్రతిసారీ వినబడింది.

పన్నెండింటికి ఉపేంద్ర మైకు తీసుకున్నాడు. మట్టయ్యకు శాలువా కప్పాడు. నేల విడవని కళ అన్నాడు, మట్టి వాసన అన్నాడు. చప్పట్లు కొట్టారు. బల్ల మీద కాగితం, దాని మీద పెన్ను పెట్టారు. ఫొటోగ్రాఫర్లు ముందుకు జరిగారు.

అప్పుడే యాదలక్ష్మి ఆఫీసు వెనక చీర మార్చుకుని వచ్చింది. చేనేత చీర మడిచి చేతిలో పట్టుకుంది. తన నీలం నైలాన్ చీరలో ఉంది. చీరను బిందుమాధవికి అప్పజెప్పింది. బిందుమాధవి ఇచ్చిన కవరు విప్పి, ఐదువందల నోట్లు నాలుగూ చూసుకుని, నడుముకున్న సంచిలో పెట్టుకుంది. తర్వాత స్టేజీ మెట్టు దగ్గరికొచ్చి ఉపేంద్రను అడిగింది.

"సారు, బండి ఈ పొద్దు నుంచే పెట్టుకోమంటరా, రేపటి నుంచా?"

ఉపేంద్ర మైకు పక్కన పెట్టాడు. "ఏ బండమ్మా?"

"నా బండి. నాలుగడుగుల జాగ ఇస్తమన్నరంట గద."

"ఎవరన్నారు?" అని బిందుమాధవి వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా తిప్పింది. యాదలక్ష్మి మాత్రం మట్టయ్య వైపు చూసింది.

"మామా, చెప్పరాదు."

మట్టయ్య లేచి నిలబడ్డాడు. భుజం మీది శాలువా ఒక పక్క జారింది.

"వాళ్లు ఇస్తమనలేదు బిడ్డా. చూద్దామన్నరు. ఇస్తమన్నరని నేనే చెప్పిన. నువ్వు రావాలని చెప్పిన."

ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె అతన్ని ఊరికే చూసింది. "అట్లనా" అంది.

వెనక్కి తిరిగి జనరేటర్ వైపు నడిచింది. రెండు నిమిషాల్లో బండి చక్రాల చప్పుడు వినబడింది. ఆహ్వానితుల మధ్య నుంచి "జరగండమ్మా, జరగండి సారు" అంటూ బండి తోసుకొచ్చింది. బొమ్మ కింద, తను గీత గీసిన చోటే ఆపింది. చక్రాల కింద రాళ్లు పెట్టింది. గోనె మీది గంపను కాలితో పక్కకు జరిపి, తూకం మిషన్ తీసి బండి మీద పెట్టింది.

వాచ్‌మన్లు ఇద్దరు వచ్చి బండికి చెరో వైపు నిలబడ్డారు. చెయ్యి వేయడానికి జంకుతున్నారు. చుట్టూ ఫోన్లున్నాయి. కెమెరాలు ఆపమని ఫొటోగ్రాఫర్లకు బిందుమాధవి చెప్పింది. ఆ పని ఆమెదే. తల వంచుకుని చెప్పింది.

ఉపేంద్ర మట్టయ్య చెవి దగ్గరికి వంగాడు. గొంతు ఇప్పటికీ మెత్తగానే ఉంది. "మట్టయ్య గారూ, మీ మనిషే కదా. మర్యాదగా లేపి తీసుకెళ్లండి. కావాలంటే ఇంకో రెండు వేలు ఇప్పిస్తాను. మీరు వచ్చాక సంతకం చేద్దాం."

మట్టయ్య బల్ల మీది కాగితం చూశాడు. మొదటి వరసలో అతని పేరు అచ్చయి ఉంది. పేరు పక్కన ఇరవై ఐదు వేలు అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంది. అతనికి అరుణమ్మ వేళ్ల మధ్య తిరిగిన చిక్కుడుకాయ గుర్తొచ్చింది.

"నేను లేప సార్" అన్నాడు.

"అంటే?"

"నవ్వు పెట్టుమంటె పెట్టిన. పండ్ల రంగు మార్చుమంటె మార్చిన. గోడను గీకుమంటె గీకిన. నా అంతట నేను అబద్దం గూడ ఆడిన. ఆమెను లెవ్వుమని మాత్రం చెప్ప. గదొక్కటి నాతోటి కాదు."

"మీ జీతం గురించి ఆలోచించుకోండి."

"ఆలోచించిన సార్. నాలుగు రోజుల సంది అదే ఆలోచన."

శాలువా తీసి కుర్చీ మీద పెట్టి స్టేజీ దిగాడు. కట్టి అలవాటు లేని పంచె కాళ్లకు అడ్డం పడుతోంది. ఒక చేత్తో దాన్ని ఎత్తిపట్టుకుని బండి దగ్గరికి వెళ్లాడు. యాదలక్ష్మి అతని ముఖం చూడలేదు. పొద్దున పండు నొక్కి చూసిన పెద్దాయన బండి ముందు నిలబడి, తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు.

"జరుగు మామా. గిరాకీకి అడ్డమున్నవ్" అంది.

అతను జరిగి, బండి చివర, వాచ్‌మన్ పక్కన నిలబడ్డాడు. స్టేజీ మీద ఉపేంద్ర ఫోన్‌లో ఎవరికో చిరునామా చెప్పి, వెంటనే మనుషుల్ని పంపమంటున్నాడు.

హాస్టల్లో మధ్యాహ్నం వంట ముగించుకుని అరుణమ్మ అప్పుడే వచ్చింది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. మొగుడికి సన్మానమని తోటి వంటామెకు చెప్పి గంట ముందు బయల్దేరింది. గేటు దగ్గరి జనాన్ని, బండిని, దాని పక్కన శాలువా లేకుండా నిలబడ్డ మట్టయ్యను చూసింది. దగ్గరికొచ్చింది.

"సంతకం పెట్టినవా?"

"పెట్టలే."

ఆమె బొమ్మ వైపు చూడలేదు. యాదలక్ష్మి వైపూ చూడలేదు. అతన్నే చూస్తూ, చాలా నెమ్మదిగా అంది, "రేపు నాలుగింటికి లేసేది నేనే."

వాచ్‌మన్లలో ఒకడు వంగి, చక్రం కింది రాయి మీద చెయ్యి వేశాడు. యాదలక్ష్మి ఆ పెద్దాయన కోసం బత్తాయిలు తూకంలో వేస్తోంది. ఒకటి, రెండు, మూడు. అరుణమ్మ వెనక్కి తిరిగి పోలేదు. ముందుకూ రాలేదు. తలమీద కొంగు సర్దుకుని, ఎండలో అక్కడే నిలబడి ఉంది.